పక్క ఊరికి చేరని మాట

వెర్నర్ ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా విషయానికొచ్చేశాడు. "మీ క్యాసెట్లు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. వచ్చి తీసుకుపోతావా, పారెయ్యమంటావా?" ఆయనెప్పుడూ అంతే. జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ అనే ఊళ్ళో ఒక చిన్న టీవీ ఛానెల్‌ని పుట్టినప్పటి నుంచీ సాకిన మనిషి. ఆ ఛానెల్ ఇప్పుడు కేబుల్ నుంచి తప్పుకుంటోందట, స్టూడియో ఖాళీ చేస్తున్నారట. నేనప్పుడు బ్యోబ్లింగెన్‌లో మా ఆఫీసు క్యాంటీన్ వరసలో ప్లేటు పట్టుకుని ఉన్నాను. పారెయ్యమనడానికి నోరు తెరిచి, వస్తానన్నాను. ఆ క్యాసెట్లలో దయామణి పెద్దమ్మ ఉంది. ఆమెను చూసి చాలా ఏళ్ళయింది. క్రిస్మస్‌కి ఫోన్ చేసి, "ఈసారి తప్పకుండ వస్త పెద్దమ్మా" అనడం, ఆమె "రావే, తీరిక చూసుకుని రా" అనడం, మళ్ళీ క్రిస్మస్ రావడం. మా ఇద్దరి మధ్య మిగిలింది అంతే.

ఛానెల్ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. మూతపడిన ఫ్యాక్టరీ మేడ మీద రెండు గదులు, నీలం రంగు వేసిన ఒక గోడ, స్ప్రింగులు గుచ్చుకునే ఒక సోఫా. ఊళ్ళో ఎవరైనా సరే పేరు రాయించుకుంటే కెమెరా ఊరికే ఇస్తారు, తీసుకొచ్చింది వరసలో వేస్తారు. తేనెటీగలు పెంచే ఒక పెద్దాయన, బొమ్మ రైళ్ళ సంఘం వాళ్ళు, అకార్డియన్ వాయించే అక్కాచెల్లెళ్ళు, వీళ్ళ మధ్యలో మా "తెలుగు గంట". పేరుకే గంట, నడిచేది అరగంట. నాతోపాటు మాస్టర్స్‌కి వచ్చిన నల్గొండ శ్రీకాంత్‌కి కెమెరా పిచ్చి. నాకేమో ఆ స్టూడియోలో హీటర్ బాగా పనిచేస్తుందనీ, కాఫీ ఊరికే ఇస్తారనీ ఇష్టం. భాషాసేవ అని తర్వాత చాలా సభల్లో చెప్పుకున్నాను గానీ, మొదలైంది మాత్రం కాఫీతోనే.

ఇప్పుడు ఆ ఊళ్ళో బస్సెక్కితే తెలుగు చెవిన పడకుండా దిగలేం. యూనివర్సిటీ గుట్ట కింద ఇండియన్ షాపులో గోంగూర కూడా దొరుకుతోంది. మా రోజుల్లో కొత్తిమీర కోసం కూడా వెతుక్కోవాలి. అలా వెతుక్కుంటూ ఒకరోజు సూపర్ మార్కెట్లో నేనూ శ్రీకాంతూ ఒక ఆకుల కట్ట పట్టుకుని ఇది అదేనా కాదా అని వాదించుకుంటుంటే, వెనక నుంచి అచ్చమైన గుంటూరు గొంతు వినిపించింది. "అది కొత్తిమీర కాదే, పార్స్‌లీ. ముక్కు దగ్గర పెట్టుకు చూడు." తిరిగి చూస్తే ఉన్ని కోటు, నెరుస్తున్న జుట్టు, చేతిలో సంచీ. నేను "ఆంటీ" అనబోతే ఒప్పుకోలేదు. "ఆంటీ ఏంటి, మీ ఊళ్ళో వరసలు లేవా? పెద్దమ్మా అను." ఆ సాయంత్రమే ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది.

ఆమె గుంటూరు నుంచి నర్సు శిక్షణకని పడుచుదనంలో వచ్చి, ఇక్కడే హైన్జ్ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుని ఉండిపోయింది. మేము కలిసేనాటికి ఆయన లేడు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ గుర్తే: లావెండర్ సబ్బు, బూట్ల పాలిష్, వాటి మీదుగా ఇంగువ పోపు. శనివారం ఉదయం తన తెల్లటి డ్యూటీ బూట్లు పాత గుడ్డ పరచి తుడుచుకునేది. వంట అవగానే ఎంత చలిలోనైనా కిటికీలన్నీ బార్లా తెరిచేది. మేము దుప్పట్లు కప్పుకుని కూరముక్కలు నములుతుంటే నవ్వేది. ఆమె తెలుగు ఆమె ఊరు విడిచిన రోజు దగ్గరే ఆగిపోయింది. కళ్ళజోడు, పలహారం, తపాలా అనేది. మా మాటల్లో సగం ఇంగ్లీషు చూసి, "మీరు చదువుకున్నారు సరే, మాట్లాడ్డం ఎప్పుడు నేర్చుకుంటారు?" అని ఎగతాళి చేసేది. తను మాత్రం అపాయింట్‌మెంట్‌ని టెర్మిన్ అనీ, ఆసుపత్రిని క్రాంకెన్‌హౌస్ అనీ జర్మన్ కలిపేసేది. అది తప్పని ఆమెకు తోచేది కాదు, మాకు చెప్పే ధైర్యం లేదు.

ఆ ఇంట్లో వసంతకాలం వస్తే రబార్బర్ పచ్చడి పెట్టేది. రబార్బర్ అంటే ఇక్కడివాళ్ళు చక్కెర వేసి కేకుల్లో పెట్టుకునే ఎర్రటి పుల్ల కాడలు. ఆకులు విషం, కోసి పారేస్తారు. ఆ కాడల్ని చిన్న ముక్కలు చేసి నూనెలో మగ్గబెట్టి, మెంతులూ ఎండుమిరపకాయలూ వేయించి వెల్లుల్లితో నూరితే, కళ్ళు మూసుకుని తింటే గోంగూరే. నేను మొదటిసారి తిని ఏడ్చినంత పని చేశాను. "ఇది మీరు కనిపెట్టిండ్రా పెద్దమ్మా?" అన్నాను. ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది. "నేను కాదు, సుగుణ."

సుగుణ ఆమెతోపాటు గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి. నర్సుల హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది, ఒకే స్టవ్. పెద్దమ్మ హైన్జ్‌ని చేసుకుంటానన్నప్పుడు సుగుణ వద్దంది. "నన్నొక్కదాన్నీ వదిలేసి పోతావా?" అని అడిగిందట. పెద్దమ్మకు కోపం వచ్చి, బస్టాపులో అందరి ముందూ, "నీకు కుళ్ళు. నీ మొహం ఇక చూడను," అనేసింది. సుగుణ ఆ నెలలోనే లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఆసుపత్రికి మారిపోయింది. పెళ్ళి చేసుకుందని చర్చిలో ఎవరో చెప్పారు. ఎవరిని, ఏ వీధిలో, ఏమీ తెలీదు. "వెతకలేదా?" అని అడిగితే పెద్దమ్మ నొచ్చుకుంది. "మొహం చూడనన్నది నేను. వెళ్ళి తలుపు కొట్టి, నన్ను చూడు అని ఎలా అంటానే? నా తప్పు నేను చెప్పుకోవాలి. అది వింటే, రావాలనిపిస్తే వస్తుంది." ఏటా పచ్చడి సీసాల్లో ఒకటి సుగుణదని అల్మారా పై అరలో పెట్టేది. మళ్ళీ ఏడు కొత్తది వచ్చాకే ఆ పాతది తీసి మాకు పెట్టేది. సుగుణ వాటా మేము తినేవాళ్ళం, ఎన్ని ఏళ్ళో.

పెద్దమ్మ మా కార్యక్రమంలోకి రావడం ఎంతో సులువుగా జరిగిపోయింది. వంట చేసి చూపించేది, గుంటూరు కబుర్లు చెప్పేది. రికార్డింగ్ రోజున గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, కింద మందపాటి ఉన్ని మేజోళ్ళు వేసుకునేది. "కాళ్ళు చూపించకురా శ్రీకాంత్," అని ప్రతిసారీ చెప్పేది. ఊళ్ళో జర్మన్ ముసలమ్మలు కూడా ఆమెను రోడ్డు మీద ఆపి పలకరించడం మొదలుపెట్టారు. చిత్రమేమిటంటే ఆమె తనను తాను టీవీలో ఎప్పుడూ చూసుకోలేదు. వాళ్ళింటికి కేబుల్ లేదు, డిష్ ఉండేది. మా ఛానెల్ కేబుల్‌లో మాత్రమే వచ్చేది. క్యాసెట్ తెచ్చి చూపిస్తామంటే, "నా మొహం నేను చూసుకునేదేంటి, సిగ్గు లేదూ?" అనేది.

అప్పుడు ఛానెల్ గొలుసులో చేరింది. అంతవరకూ అది ఒంటరి. తన వేళలు తనవి, అరగంట కార్యక్రమం ముప్పావుగంట సాగినా వెర్నర్ భుజాలెగరేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి ఛానెళ్ళే కొన్ని డబ్బుల్లేక నీరసపడి, అన్నీ కలిసి ఒక నెట్‌వర్క్ కట్టుకున్నాయి. ఒక ఊరిది మిగతా ఊళ్ళలో కూడా వేస్తారు. ఉమ్మడి కాపురంలోకి వెళ్ళిన కోడలికి సొంత పొయ్యి పోయినట్టు మా ఛానెల్‌కి సొంత గడియారం పోయింది. ఆ తర్వాత ఈ గొలుసు మైన్జ్ వాళ్ళ పెద్ద గొలుసులో కలిసిందనీ, మా తెలుగు గంట చోటు చాలక ఆగిపోయిందనీ, చివరికి అందరూ ఇంటర్నెట్‌లో పడ్డారనీ నాకు తర్వాత తెలిసిన చరిత్ర. అప్పుడు మాత్రం నాకు ఒక్కటే వినిపించింది. ఆ ఊళ్ళ జాబితాలో లుడ్విగ్స్‌హాఫెన్ ఉంది. పరుగెత్తుకెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. "మీ మాట ఇగ సుగుణమ్మ ఉన్న ఊళ్ళె కూడ వినపడ్తది పెద్దమ్మా." ఆమె చేతిలో గరిటె అలాగే పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. "తెలుగు వినిపిస్తే అది ఛానెల్ మారుస్తుందా? మార్చదు," అంది.

నెట్‌వర్క్ వాళ్ళు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి కొత్త నియమాలు చెప్పారు. పెద్దమ్మ వస్తానంటే నేనే వద్దన్నాను. "మీరెందుకు డ్యూటీ మానుకోని, నేను చూసుకుంట." అప్పటికి నేను జర్మన్ పరీక్షలో ఒక మెట్టు దాటాను, అది కొమ్ములు మొలవడానికి చాలినంత. నెట్‌వర్క్ నుంచి వచ్చిన ఆవిడేమో ఈ ప్రాంతపు యాసలో గబగబా చెప్పుకుపోయింది. బేకరీలో రొట్టె అడగడం, క్లాసులో పాఠం వినడం వచ్చిన నా జర్మన్ ఆ యాస ముందు చతికిలపడింది. ఆఖరున ఆవిడ నా వైపు చూసి అర్థమైందా అంది. శ్రీకాంత్ కూడా నా వైపే చూశాడు. "యా, యా, గెనావ్," అంటే అవునవును, సరిగ్గా అంతే, అని తలూపాను. మనవాళ్ళం ఎంతమందిమి ఈ దేశంలో అలా తలలూపుతూ బతికేశామో! ఆఫీసుల్లో, డాక్టర్ల దగ్గర, ఇంటి ఓనర్ల ముందు. మళ్ళీ చెప్పండి అంటే చిన్నబోతామని. చాలాసార్లు ఏమీ కాదు. అందుకే అలవాటైపోతుంది.

నెట్‌వర్క్‌లో మా మొదటి కార్యక్రమం రబార్బర్ పచ్చడే. పెద్దమ్మ కోరి కోరి అదే చేసింది. ముందు అందరికీ పనికొచ్చేది చెప్పాలి, తన గోడు చివర్లో చెప్పుకోవాలి, అది ఆమె పద్ధతి. కాడలు తరిగింది, వేయించింది, నూరింది, అన్నంలో కలిపి శ్రీకాంత్‌కి ముద్ద పెట్టింది. అంతా అయ్యాక చేతులు తుడుచుకుని, కెమెరా వైపు తిరిగి, "ఇంకొక్క మాట," అంది. "ఈ పచ్చడి నాది కాదు. దీన్ని కనిపెట్టింది సుగుణ. సుగుణా, నేను దయని. బస్టాపులో నేనన్న మాట తప్పు. నీ సీసా తీసి పెట్టాను, వచ్చి పట్టుకెళ్ళు." శ్రీకాంత్ కెమెరా వెనక ముక్కు చీదుకున్నాడు. ఆ తర్వాత ప్రతి కార్యక్రమం చివరా ఆ "ఇంకొక్క మాట" ఉండేది. మేము హాస్టల్ కామన్ రూములో కూర్చుని చూసేవాళ్ళం. మర్నాడు ఆమె అడిగేది. "వచ్చిందా?" "వచ్చింది పెద్దమ్మా, మంచిగ వచ్చింది." "ఆ ఊళ్ళో కూడానా?" "ఆ ఊళ్ళె కూడ." ఆమె తృప్తిగా తలాడించి, "మరి రాలేదే," అనేది. రానురానూ అది కూడా అనడం మానేసింది. సుగుణ విన్నది, విని కూడా రాలేదు, అంటే క్షమించలేదు. అలా తేల్చుకుంది. శ్రీకాంత్ ఒకసారి ఆ ఆసుపత్రికెళ్ళి వాకబు చేస్తానంటే వారించింది. "విని రానిదాన్ని వెంటపడి ఏడిపించడం దేనికిరా?"

క్యాసెట్ల కోసం వెళ్ళిన శనివారం వెర్నర్ ఒక పెట్టె నా ముందు పెట్టాడు. అందులో మా కాపీలతోపాటు, నెట్‌వర్క్‌లోని పక్క ఊళ్ళ నుంచి అప్పట్లో తిరిగొచ్చిన రికార్డింగులు కూడా ఉన్నాయి. మీద లుడ్విగ్స్‌హాఫెన్ అని రాసి ఉన్నదాన్ని సరదాగా పెట్టమన్నాను. పెద్దమ్మకు నల్లజుట్టు ఇంకా కొంత మిగిలి ఉన్న రోజులు. కాడలు తరిగింది, వేయించింది, నూరింది. ముద్ద పెట్టింది. చేతులు తుడుచుకుంది. "ఇంకొక్క మాట," అంది. అంతే, తెర మీద నెట్‌వర్క్ బొమ్మ వచ్చింది, సన్నాయి లాంటి ఏదో సంగీతం, తర్వాత వాతావరణ విశేషాలు. నేను వెర్నర్ వైపు చూశాను. ఆయనకు నా మొహం అర్థం కాలేదు. "బయటి ఊళ్ళలో అరగంటలో చివరి రెండు నిమిషాలు నెట్‌వర్క్‌వే కదా. మన ఊళ్ళోనే పూర్తిగా వచ్చేది. ఆ రోజు మీకు చెప్పారు. నువ్వు తలూపావు కూడా," అన్నాడు. మిగతావి కూడా పెట్టించుకుని చూశాను. అన్నీ అక్కడే తెగాయి.

ఇంటికొచ్చి మా అమ్మాయి నిత్యకు చెప్పాను. అది అంతా విని జర్మన్‌లో ఒక్కటే అడిగింది, అర్థం కాకపోతే ఎందుకు అడగలేదు అని. పుట్టినప్పటి నుంచీ ఇక్కడ అడుగుతూ పెరిగిన పిల్ల. నాకు నిజంగా సిగ్గేసింది. అబద్ధం చెప్పానా అంటే చెప్పలేదు. మా హాస్టల్లో కళ్ళారా చూసే వచ్చిందన్నాను. కానీ "ఆ ఊళ్ళె కూడ" అన్నది చూసి చెప్పిన మాట కాదు. ఆ మాట నమ్మి ఒక మనిషి తన స్నేహితురాలిని వెతకబోయినవాణ్ణి కూడా ఆపేసింది. సుగుణ పేరు ఫోన్‌లో కొట్టి చూశాను, పుట్టింటి పేరుతో ఏమీ లేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, డాటెన్‌షుట్జ్ అన్నారు, అంటే పాత ఉద్యోగుల సంగతి బయటివాళ్ళకు చెప్పరు.

పెద్దమ్మ ఇప్పుడు అడవి అంచున ఒక వృద్ధుల నివాసంలో ఉంటోంది. నేను వెళ్ళేసరికి అక్కడి నర్సుకు దుప్పటి మడత ఎలా పెట్టాలో చెబుతోంది. నన్ను చూసి బుగ్గలు నిమిరి, చిక్కిపోయావంది. నేను చిక్కలేదు. కాసేపు వేరే మాటలు మాట్లాడాను, ఇక మాటలు అయిపోయాయి.

"పెద్దమ్మా, మీ ఆఖరి మాట లుడ్విగ్స్‌హాఫెన్ల రాలే."

"ఏ మాట?"

"సుగుణమ్మకు చెప్పేది. ఆడ కట్ చేసేటోళ్ళంట. నాకు అప్పుడే చెప్పిండ్రు, నాకర్థం కాలే. అర్థమైందని తలూపిన."

"ఒకసారి రాలేదా?"

"ఎన్నడూ రాలే."

కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. "అయితే దానికి వినపళ్ళేదన్నమాట! నేనేమో విని కూడా కదల్లేదు, రాయైపోయింది అనుకున్నానే. వినకపోతే ఎలా వస్తుంది, పిచ్చిది!" పళ్ళు కనిపించేలా నవ్వింది. ఆ నవ్వు చూస్తూ కూర్చోవడం కన్నా చెంపదెబ్బ నయం. ఇన్నేళ్ళూ ఆమె గుండె మీద ఉన్న రాయి నేను పెట్టింది.

నవ్వు ఉన్నట్టుండి ఆగింది. "మరి పచ్చడి?"

"ఏం పచ్చడి పెద్దమ్మా?"

"పచ్చడి చెయ్యడం వచ్చిందా ఆ ఊళ్ళో?"

అది నాకు అప్పటిదాకా తట్టలేదు. వచ్చింది అన్నాను.

"నాదే అన్నట్టు వచ్చిందా? దాని పేరు లేకుండా?" "చూసే ఉంటుందే. చూసి, నా పచ్చడి కూడా ఎత్తుకుపోయింది ఇది, అనుకునుంటుంది. నేను ఇంకొక్క మాట అన్నప్పుడు, ఇప్పుడు నా పేరు చెబుతుంది అని కూర్చునుంటుంది. అలగదూ మరి?" నేను ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది గానీ ఊరుకోమనలేదు. చాలాసేపటికి, "ఆ స్టూడియో ఇంకా ఉందా?" అని అడిగింది.

ఉంది, ఇంకొక్క ఆదివారం దాకా. కేబుల్‌లో చివరి రోజున పాతవాళ్ళందర్నీ పిలిచి తలా కొంచెంసేపు మాట్లాడిస్తామనీ, అది అన్ని ఊళ్ళలోనూ నేరుగా వస్తుందనీ వెర్నర్ అప్పటికే చెప్పాడు. శ్రీకాంత్‌కి ఫోన్ చేస్తే బెర్లిన్ నుంచి రైల్లో వచ్చాడు. ఇప్పుడు పొట్ట, బట్టతల, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. పెద్దమ్మను స్టూడియోకి తీసుకెళ్ళే పని అతనికి అప్పగించి నేను లుడ్విగ్స్‌హాఫెన్ వెళ్ళాను. స్టేషన్ దగ్గర ఒక టర్కీ ఆయన ఇంబిస్‌లో, డోనర్ కబాబ్ అమ్మే చిన్న కొట్టు అది, గోడకు టీవీ ఉంది. కేబులేనా అని అడిగాను. ఆయన చెప్పింది సరిగ్గా వినపడక మళ్ళీ అడిగాను. కేబులే. మా పెద్దమ్మ వస్తుంది, ఫుట్‌బాల్ మార్చండి అని బతిమాలితే, ఆయన మిగతావాళ్ళ గొణుగుడు లెక్కచెయ్యకుండా మార్చాడు.

నేత చీర, మెడ చుట్టూ శాలువా. వెర్నర్ మైకు సర్దుతుండగానే మొదలుపెట్టేసింది. ఈసారి వంట లేదు, కబుర్లు లేవు. "సుగుణా, నేను దయని. ముందు ఇది విను. రబార్బర్ పచ్చడి నీది. నాది కాదు. అప్పుడూ చెప్పాను, నీదాకా రాలేదట, నాకిప్పుడు తెలిసింది. నీకు కుళ్ళన్నాను, అది తప్పు. ఒంటరిదానివైపోతానని భయపడ్డావు, నాకు అర్థం కాలేదు. ఇప్పుడు నేనూ ఒంటరిదాన్నే, అర్థమైంది. నీ సీసా తీసి పెట్టాను." ఆమె చెప్పి ఊరుకున్నాక ఇంకా బోలెడు సమయం మిగిలింది, వెర్నర్ ఏం చెయ్యాలో తెలియక ఆమె మీదే కెమెరా ఉంచాడు. ఇంబిస్‌లో ఒక్క ముక్క తెలుగు తెలియని మనుషులు తినడం ఆపి చూశారు.

బయటికొచ్చి ఫోన్ చేశాను. "వచ్చిందా?" అంది.

"వచ్చింది పెద్దమ్మా. ఇక్కడనే కూసోని చూసిన."

"మొత్తం వచ్చిందా?"

"మొత్తం వచ్చింది."

"సరే. ఇప్పుడు కూడా రాకపోతే అది అలకే. ఆ అలక నేను పడతాన్లే, అది నాకు తగిందే. నువ్వేమన్నా తిన్నావా?" తినలేదన్నాను. "తిను. ఇక్కడ వంటగదిలో బతిమాలుకుని పచ్చడి పెట్టాను. నీ సీసా కూడా తీసి ఉంచాను, దాని సీసా పక్కనే. వచ్చి పట్టుకెళ్ళు."

ఆ ఆదివారం తర్వాత కైసర్స్‌లౌటర్న్ చాలాసార్లు వెళ్ళాను, పెద్దమ్మతో కూర్చున్నాను, ఆమె కలిపి పెట్టిన అన్నం తిన్నాను. లుడ్విగ్స్‌హాఫెన్ నుంచి ఇంకా ఎవరూ రాలేదు. సుగుణ అసలు ఉందో లేదో కూడా మాకు తెలియదు. బయల్దేరేటప్పుడు పెద్దమ్మ ప్రతిసారీ అల్మారా చూపిస్తుంది, నేను ప్రతిసారీ బరువని, రైలని, మళ్ళీ వస్తానని ఏదో ఒకటి చెబుతాను. రెండు సీసాలూ పై అరలో పక్కపక్కనే ఉన్నాయి. సుగుణది కదలకుండా నాది తెచ్చుకోవడానికి నాకు చేతులు రావడం లేదు.